గోడ లోపలి మొర

మూలవాక్యము: నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయము, 1 నుండి 13 వచనములు



నెహెమ్యా గ్రంథము తెరచినప్పుడు మనకు మొదట కనబడునది గోడ. యెరూషలేము ప్రాకారము కూలి, గుమ్మములు కాలిపోయి యుండగా, దానిని తిరిగి కట్టుటకు ఆ దైవజనుడు లేచెను. వెలుపల శత్రువులు నిలిచి అపహసించుచున్నారు. లోపల పనివారు ఒక చేత పనిముట్టు, మరియొక చేత ఆయుధము పట్టుకొని పని సాగించుచున్నారు. ఇంతవరకు మన సంఘములలో తరచుగా ప్రసంగింపబడిన సంగతియే. అయితే 5వ అధ్యాయమునకు వచ్చుసరికి వెలుపలి శత్రువు మాట ఆగిపోయి, గోడ లోపలనుండి ఒక మొర వినబడుచున్నది.

మొరపెట్టినవారు పరదేశులు కారు, ఇశ్రాయేలీయులే. కరవు కాలమున తిండిగింజల కొరకు కొందరు పొలములు, ఇండ్లు కుదువ పెట్టిరి. కొందరు రాజు పన్ను కట్టుటకు అప్పు చేసిరి. తుదకు కన్నబిడ్డలను దాస్యమునకు పంపవలసి వచ్చెను. మరి అప్పిచ్చినవాడు ఎవడు? ప్రక్కనే నిలిచి గోడ కట్టుచున్న సహోదరుడే! పగలు ఇద్దరును కలిసి ఒకే రాయి ఎత్తుదురు. ప్రొద్దు గ్రుంకిన తరువాత ఒకడు రెండవవాని గుమ్మము ముందు నిలిచి బాకీ అడుగును. ఇది విన్నప్పుడు నెహెమ్యాకు మిక్కిలి కోపము వచ్చెను. గోడ ఎంత ఎత్తు లేచినను, లోపల సహోదరుడు సహోదరుని నలిపివేయుచున్నయెడల ఆ గోడ కాపాడునది ఏమున్నది?

ఈ మొర ఒక్క యెరూషలేములోనే వినబడలేదు. పందొమ్మిదవ శతాబ్దములో దక్షిణ రష్యా మైదానములందు, నేటి ఉక్రెయిను దేశములో, దైవభక్తిగల రైతులు కట్టుకొన్న గ్రామములలోను అది వినబడెను. ఆ గ్రామముల సంగతి ఈ మాసమున మీకు చెప్పగోరుచున్నాము. అంత దూరపు ఊళ్లతో మనకేమి పని అని అడుగుదురేమో. పని కలదు. 1889లో అబ్రాహాము ఫ్రీసెన్ అను ఆయనయు, ఆయన భార్య మరియమ్మగారును రష్యా దేశమును విడిచి మన తెలుగు దేశమునకు వచ్చి, నల్లగొండలో సువార్త పరిచర్య ప్రారంభించిరి. వారి వెనుక వచ్చినవారు సూర్యాపేటలోను, జనగామలోను పనిచేసిరి. వారిని పంపి పోషించిన సంఘములు ఆ రైతుల గ్రామములలోని సంఘములే. దొరల దేశములో అందరును మేడలలో పుట్టినవారని మన పెద్దలలో కొందరు అనుకొనెడివారు. నల్లగొండకు చేరిన ఆ కానుకలు మేడలనుండి రాలేదు. పేడ పిడకలతో పొయ్యి రాజేసికొన్న పల్లెటూళ్లనుండి వచ్చినవి.

పాలయేటి గ్రామములు

ఆ ప్రజలకు మెన్నోనైటులని పేరు. పదునారవ శతాబ్దములో నెదర్లాండ్సు దేశమందు మెన్నో సైమన్సు అను బోధకుని అనుసరించినవారి పేరు అట్లు వచ్చినది. విశ్వసించి ఒప్పుకొనినవారికే బాప్తిస్మమియ్యవలెననియు, క్రీస్తు శిష్యుడు కత్తి పట్టరాదనియు, ఒట్టు పెట్టుకొనరాదనియు వారు నమ్మిరి. ఆ నమ్మకము కొరకు హింసలు పడి, అనేకులు తూర్పునకు వెళ్లి ప్రష్యా రాజ్యములో విస్తులా నది లంకలలో కాపురముండిరి. అక్కడ భూమి చాలక, సైన్యపు ఒత్తిడి పెరుగగా, రష్యా ప్రభుత్వపు ఆహ్వానము విని మరల బండ్లు కట్టుకొనిరి. 1789లో నీపరు నదియొద్ద చోర్టిత్సా అను మొదటి సెటిల్‌మెంటు ఏర్పడెను. 1804లో మరికొందరు అజోవు సముద్రమునకు ఉత్తరముగా మొలోచ్నా అను ఏటి ఒడ్డున దిగిరి. రష్యా భాషలో ఆ పేరు పాలు అను మాటనుండి వచ్చినది గనుక మనము దానిని పాలయేరు అనవచ్చును. ఇశ్రాయేలీయులకు దేవుడు వాగ్దానము చేసిన పాలుతేనెల దేశము వారికి జ్ఞాపకము వచ్చియుండును.

అయితే వారు దిగిన చోట పాలును లేవు, తేనెయు లేదు. చెట్టు కూడ లేదు. కనుచూపు మేర గడ్డియే. అది అంతకుముందు నొగాయీలను పశుకాపరులు మందలను మేపుకొన్న మైదానము. మొదటి చలికాలములో అనేకులు నేలను త్రవ్వి, పైన గడ్డికప్పు వేసి, ఆ గుంటలలో తలదాచుకొనిరి. ప్రభుత్వము ఒక్కొక్క కుటుంబమునకు 65 దెస్యాతినలు, అనగా సుమారు 175 ఎకరములు, ఇచ్చెను. ఆ లెక్క విని మనము ఆశ్చర్యపడుదుము గాని, దానిని మన కాలువక్రింది మాగాణితో పోల్చరాదు. అది వానమీద ఆధారపడిన మెట్టనేల. 1833లో వాన లేక పైరు మాడిపోగా మనుష్యులు, పశువులు ఆకలి బాధ పడిరి.

క్రమముగా ఆ గడ్డి మైదానములో దాదాపు 60 గ్రామములు వెలసినవి. గ్రామమునకు ఒకటే పొడవైన వీధి. వీధికి ఇరుప్రక్కల ఇండ్లు. ఇంటిముందు పూలతోట, వెనుక పండ్లతోట. చెట్లు వాటంతట అవి మొలువలేదు. యోహాను కోర్నీస్ అను రైతు 1830లో ఏర్పడిన వ్యవసాయ సంఘమునకు నాయకుడై, ప్రతి కమతమువాడును చెట్లు నాటి తీరవలెనని పట్టుబట్టెను. ఏటేటా పొలములో ఒక భాగమును దున్ని బీడు విడుచుటయు, పైరు మార్పిడియు నేర్పెను. ఆయన మాట కఠినమని గొణిగినవారు అనేకులు. అయినను 1848లో ఆయన చనిపోవునాటికి ఆ వీధులలో నీడ పడుచుండెను.

ఇల్లు, పొయ్యి, కళ్ళము

ఆ ఇండ్లలోని దినచర్య మన పల్లెవారికి వింతగా తోచదు. మనుష్యులుండు గదులు, పశువుల కొట్టము, ధాన్యపు కొట్టు అన్నియు వరుసగా ఒకదాని నొకటి అంటియుండెను. మంచు కురియు దినములలో ఆరుబయట అడుగుపెట్టకుండనే గృహిణి పాలు పితికి రాగలదు. ఇంటి నడుమ ఇటుకలతో కట్టిన పెద్ద పొయ్యి ఉండును. దాని గోడలు అన్ని గదులకును వెచ్చదనమిచ్చును. కట్టెలు లేవు గనుక గడ్డియు, ఎండిన పేడయే వంటచెరకు. వేసవిలో కొట్టమునుండి పేడ తీసి, తొక్కించి, ముక్కలుగా కోసి, ఎండబెట్టి, చలికాలమునకు దొంతులు పెట్టుకొనెడివారు. పిడకలు చేయు చేతులను మనలో కొందరు చిన్నచూపు చూచుదురు గదా! సువార్త నిమిత్తము కానుక వేసిన చేతులలో అట్టి చేతులును ఉండెను.

ఉదయముననే ఊరి పశువులన్నియు ఒకే మందగా మేతకు పోవును; సాయంకాలమున వీధివెంట తిరిగి వచ్చునప్పుడు ప్రతి ఆవు తన గుమ్మమును తానే ఎరిగి లోపలికి తిరుగును. కోతకాలమున స్త్రీపురుషులు, పిల్లలు, కూలివారు అందరును పొలములోనే. కళ్ళముమీద పరచిన గోధుమ పనలమీద పండ్లు తీర్చిన రాతి గుండును గుర్రములచేత లాగించి గింజ రాల్చెడివారు. తరువాత తూర్పారబట్టి, గోనెలకెత్తి, బండ్లమీద అజోవు తీరమందలి బెర్దియాన్స్కు రేవునకు తోలుకొనిపోయెడివారు. పుచ్చకాయలు విరివిగా పండినప్పుడు ఇల్లాండ్రు వాటి రసమును పెద్ద కాగులలో, మనము చెరకు రసము కాచినట్లే, చిక్కని పాకమగువరకు కాచి జాడీలలో నిలువ చేసికొనెడివారు. చలికాలము సమీపించినప్పుడు పందిని కోయు దినమున ఇరుగుపొరుగువారు చీకటితోనే వచ్చి పనిలో చేయి కలుపుదురు. రేపు వారి ఇంట పని పడినప్పుడు వీరు పోవుదురు.

శనివారము రొట్టెలు కాల్చు దినము. ఒక చిన్న రొట్టెముద్దపై మరియొకటి నిలిపి కాల్చిన జంట రొట్టెలు ఆదివారమునకు సిద్ధముగా ఉండును. ఆదివారపు ఆరాధనలో పురుషులు ఒక ప్రక్కను, స్త్రీలు మరియొక ప్రక్కను కూర్చుండెడివారు. వాద్యము లేదు, ఒకరు ఎత్తుకొనగా సంఘమంతయు పాడుదురు. బోధకులు జీతగాండ్రు కారు. సంఘము తనలోని రైతులనే ఎన్నుకొనెను. శనివారము నాగలి పట్టినవాడే ఆదివారము వాక్యము పట్టుకొని నిలుచును. మధ్యాహ్నము గడచిన తరువాత బంధువులు, పొరుగువారు కబురు లేకుండనే రావచ్చును; జంట రొట్టెలు, కాఫీ వారి ముందు పెట్టుదురు.

మంచి కట్టుబాట్లు

ఆ గ్రామములలో కొన్ని కట్టుబాట్లు ఉండెను. మనము వాటిని శ్రద్ధగా గమనింపవలెను.

తండ్రియైనను తల్లియైనను చనిపోయినప్పుడు, అనాథల వ్యవహారములు చూచు పెద్దలు ఆస్తి లెక్క వ్రాసి, పిల్లలకు సంరక్షకులను నియమింతురు. బ్రదికియున్న భార్యకు లేక భర్తకు సగము. మిగిలిన సగము బిడ్డలందరికిని సమానముగా, కుమారుడని ఎక్కువ లేదు, కుమార్తెయని తక్కువ లేదు. పిల్లల సొమ్ము వారు పెద్దవారగువరకు భద్రముగా వడ్డీకి పెట్టబడును. సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు మోషే యెదుట నిలిచి తండ్రి స్వాస్థ్యములో పాలు అడిగిరి. దేవుడు వారి పక్షముగా తీర్పు చెప్పెను. ఆ తీర్పును చదివి విడిచిపెట్టక, కట్టుబాటుగా వ్రాసికొన్నవారు వీరు.

ఒకని ఇల్లు కాలినయెడల, ముందుగా ఏర్పరచుకొన్న క్రమము చొప్పున అందరును తమ తమ వంతు చెల్లించి దానిని తిరిగి నిలబెట్టెడివారు. ప్రతి గ్రామమునకు పాఠశాల ఉండెను. 1853 మొదలు 1856 వరకు జరిగిన క్రిమియా యుద్ధములో వారు తుపాకి పట్టలేదు. అయితే తమ బండ్లలో గాయపడిన సైనికులను మోసికొని వచ్చి ఇండ్లలో ఉపచారము చేసిరి. గలతీయులకు వ్రాయబడిన పత్రిక 6వ అధ్యాయము 2వ వచనములో ఒకరి భారమును మరియొకరు మోయుట క్రీస్తు నియమమని అపొస్తలుడు బోధించుచున్నాడు. ఈ గ్రామములను చూచినవారు ఆ నియమము ఇక్కడ నెరవేరినదని చెప్పియుందురు.

అయినను ఆ వీధి చివరకు కూడ మనము నడచి పోవలెను.

ఊరి చివరి ఇండ్లు

ప్రభుత్వపు నియమము చొప్పున ఆ 65 దెస్యాతినల కమతమును ముక్కలు చేయరాదు. సొమ్ములో బిడ్డలందరికి భాగమున్నను, భూమి మాత్రము ఒక్కనికే పోవును. ఒక తండ్రికి అయిదుగురు కుమారులనుకొనుడి. ఒకడు కమతమునకు యజమానుడగును. మిగిలిన నలుగురు క్రొత్త భూమి దొరకునంతవరకు ఏదో చేతిపనియో, కూలియో చేసికొని బ్రదుకవలెను. ఊరి చివర చిన్న స్థలములో గుడిసెవంటి ఇల్లు కట్టుకొని, కమ్మరియై, వడ్రంగియై, బండి తోలువాడై, కొన్నిసార్లు సొంత అన్న పొలములోనే కూలివాడై జీవించెను. కుటుంబములు పెద్దవి, పుట్టిన బిడ్డలు అనేకులు. 1860 దాటిన తరువాతి సంవత్సరములలో మొలోచ్నా కుటుంబములలో సగముకంటె ఎక్కువ భూమి లేనివే ఆయెను.

భూమి అసలే లేకపోలేదు. ముందుతరముల కొరకని ఉంచిన ఉమ్మడి భూములు ఉండెను. కాని అవి గొఱ్ఱెల మేతకును సేద్యమునకును కలిగినవారి చేతిలో కౌలుకు ఉండెను. బెర్దియాన్స్కు రేవు తెరచిన తరువాత గోధుమకు ధర వచ్చెను. గోధుమకు ధర వచ్చినకొలది భూమిమీద మమకారము పెరిగెను. గ్రామసభలో పూర్తి కమతముగలవారికే ఓటు. కాబట్టి భూమి పంచవలెనా వద్దా అను ప్రశ్నకు భూమిగలవారే సమాధానము చెప్పుకొనిరి. ఆ సమాధానము ఏమైయుండునో మీకు మేము వేరుగా చెప్పనక్కరలేదు.

ఇందులోని విచారకరమైన సంగతిని గమనించుడి. అన్న, తమ్ముడు ఇద్దరును ఒకే బల్లయొద్ద ప్రభువు రొట్టె తినిరి. ఒకే కీర్తన పాడిరి. తమ్ముని ఇల్లు కాలినయెడల అన్న తప్పక తన వంతు చెల్లించును. తమ్ముడు చనిపోయినయెడల అతని బిడ్డలకు సంరక్షకుడై లెక్క తప్పక అప్పగించును. కాని బ్రదికియున్న తమ్ముడు నిలువుకాళ్ల మీద నిలిచి, నాకు దున్నుటకు నేలయు, సభలో మాటయు కావలెనని అడిగినప్పుడు అన్న చెవి మూతపడెను.

లేఖనములో దేవుడు బీదల కొరకు రెండు ఏర్పాటులు చేసెను. లేవీయకాండము 19వ అధ్యాయములో పరిగెను గూర్చిన ఆజ్ఞ ఉన్నది: కోత కోయువాడు పొలపు అంచులను, రాలిన వెన్నులను బీదలకును పరదేశులకును విడిచిపెట్టవలెను. ఆ పరిగెవలననే రూతు, నయోమి బ్రదికిరి. అదే గ్రంథము 25వ అధ్యాయములో పొలమును గూర్చిన ఆజ్ఞ ఉన్నది: భూమి దేవునిది, మనుష్యులు దానిలో అతిథులవంటివారు, కాబట్టి బీదవాడై భూమి పోగొట్టుకొన్నవానికి సునాద సంవత్సరమున అది తిరిగి రావలెను. పరిగె దయ, పొలము న్యాయము. పరిగె ఇచ్చునప్పుడు ఇచ్చువాడు పైన, పుచ్చుకొనువాడు క్రింద ఉందురు. పొలము తిరిగి ఇచ్చునప్పుడు ఇద్దరును ఒకే గట్టుమీద నిలుచుదురు. పరిగె ఇచ్చుటకు మనసు ఒప్పును, పొలము ఇచ్చుటకు ఒప్పదు. మొలోచ్నా గ్రామములు పరిగెను విశాలమైన చేతితో ఇచ్చినవి, పొలమును బిగించి పట్టుకొన్నవి.

భూమి లేనివారు మొరపెట్టిరి. తమ పెద్దలు వినకపోగా ప్రభుత్వమునకు అర్జీలు పంపుకొనిరి. తుదకు 1866లో ప్రభుత్వపు ఆజ్ఞ వచ్చెను. కమతములను భాగించుటకు సెలవాయెను. ఉమ్మడి భూములనుండి చిన్న కమతములు ఏర్పడెను. భూమి లేని ఇంటివారికిని గ్రామసభలో ఓటు వచ్చెను. ఆ తరువాత ఉమ్మడి భూమిమీద వచ్చు కౌలు సొమ్ముతో వేరుచోట్ల భూములు కొని, భూమి లేని కుటుంబములకు క్రొత్త గ్రామములు కట్టించిరి. 1871లో జగ్రాదోవ్కాయును, 1885లో మేమ్రిక్కును అట్లు ఏర్పడినవే. ఆలస్యముగానైనను పొలము చేతులు మారెను. దేవునికి స్తోత్రము. కాని సహోదరుల తీర్మానమువలన జరుగవలసిన న్యాయము రాజాజ్ఞవలన జరిగెను. నెహెమ్యా దినములలోనైతే ప్రధానులు సభలో నిలిచి తిరిగి ఇచ్చెదమని తామే మాట ఇచ్చిరి, సమాజమంతయు ఆమేన్ అనెను. మొలోచ్నాలో ఆ ఆమేన్ పలుకు భాగ్యమును సంఘము పోగొట్టుకొనెను.

1874లో రష్యాలో అందరికిని సైనికసేవ విధింపబడగా, ఆ సంవత్సరములలో సుమారు 18,000 మంది మెన్నోనైటులు అమెరికా, కెనడా దేశములకు వెళ్లిరి. మిగిలినవారిలోనుండి నల్లగొండకు సువార్తికులు వచ్చిరి. అమెరికాకు వెళ్లినవారి సంతానములోనుండి 1899 మొదలుకొని హైదరాబాదు, నాగర్‌కర్నూలు, మహబూబునగరము ప్రాంతములకు వచ్చిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1941కిని 1943కిని నడుమ, మొలోచ్నాలో మిగిలిన కుటుంబములు కొందరు చెరకుపోయి, కొందరు పడమటకు తరలిపోయి, ఆ ప్రజల జీవితము అక్కడ ముగిసెను. గట్టుకొరకు పోరాడిన పొలములు ఎవరివో ఆయెను. ఆ సంఘములు విత్తిన వాక్యము మాత్రము మన తెలుగు పల్లెలలో నేటికిని ఫలించుచున్నది.

మన గోడ లోపల

సహోదరులారా, సహోదరీలారా, మన సంఘములలో అనేకులము తరతరములుగా పరుల పొలములో చెమటోడ్చినవారి సంతానము. భూమిలేనివాని మొర మనకు పుస్తకములో చదివి తెలిసికొనవలసినది కాదు. ప్రభువు మన తరములో కొందరికి పట్టా భూమి దయచేసెను, కొందరికి చదువును ఉద్యోగమును దయచేసెను. కొందరికి ఇంకను రెక్కలే ఆస్తి. ఈ ముగ్గురును ఆదివారము ఒకే చాపమీద కూర్చుందురు. వెలుపలివారు మనలను తక్కువగా చూచినప్పుడు ముగ్గురమును ఏకమై బాధపడుదుము. అది మన గోడ. అయితే గోడ లోపల మొర ఉన్నదా? నెహెమ్యావలె చెవియొగ్గి విందము.

మొదటిది, కుమార్తెల మొర. ఆడపిల్లకు పెండ్లి చేసితిమి, ఇక ఆమెకేమి భాగము అను మాట మన ఇండ్లలోను వినబడుచున్నది. తండ్రి చనిపోయిన తరువాత అన్నలు కాగితము పంపగా ఆమె కన్నీటితో సంతకము చేయును. 1925నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా వ్రాయక చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో విధవకు మూడవ భాగము పోగా, మిగిలినది కుమారులకును కుమార్తెలకును సమానము. సెలోపెహాదు కుమార్తెల తీర్పు మనకు వాక్యములోను ఉన్నది, చట్టములోను ఉన్నది. ఇంక కొదువైనది మన మనస్సే.

రెండవది, అప్పు తీసికొన్నవాని మొర. నెహెమ్యా తిరిగి ఇమ్మని అడిగినవాటిలో వందకు ఒకటి చొప్పున తీసికొన్న వడ్డీ కూడ ఉన్నది. మన ఊళ్లలో నెలకు నూటికి మూడు రూపాయలు వడ్డీ పుచ్చుకొనువాడును, ఇచ్చుకొనువాడును ఒకే సంఘ పుస్తకములో పేర్లుగలవారైతే ఏమి చెప్పుదుము? బిడ్డ జబ్బు పడినప్పుడో, విత్తనములు కొనవలసి వచ్చినప్పుడో సహోదరుడు మన గుమ్మమునకు వచ్చును. ఆ వేళ అతని అవసరము మనకు లాభపు సమయమా?

మూడవది, కౌలుకు దున్నువాని మొర. ఉద్యోగము చేయుచు పట్టణములో కాపురమున్న సహోదరుడు ఊరిలోని పొలమును తన బంధువునకే కౌలుకిచ్చును. వాన కురియలేదు, పైరు పోయెను. కౌలు మాత్రము పూర్తిగా రావలెనని కబురు వచ్చును. నష్టమును పంచుకొనని భాగస్వామి భాగస్వామి యగునా? పంట పోయిన సంవత్సరము కౌలు తగ్గించుట దానము కాదు. అది గట్టుమీద సహోదరునితో కలిసి నిలుచుట.

నాలుగవది, సంఘములోని మాట. యాకోబు పత్రిక 2వ అధ్యాయము మొదట, మంచి వస్త్రములు కట్టుకొన్నవానికి మంచి చోటును, బీదవానికి క్రింది చోటును చూపువారిని అపొస్తలుడు గద్దించుచున్నాడు. సంఘపు కమిటీలో ఎవరు కూర్చుందురు? కానుక ఎక్కువ ఇచ్చువారు మాత్రమేనా? కూలికి పోవు సహోదరి కూడ అక్కడ నిలిచి మాటలాడగలదా? మొలోచ్నాలో భూమి లేనివారికి సంఘములో పాట ఉండెను, సభలో మాట లేకుండెను. పాటయు మాటయు రెండును ఉన్నప్పుడే సహోదరుడు సహోదరుడు.

మన స్త్రీలు అన్నము వండునప్పుడెల్ల ఒక గుప్పెడు బియ్యము తీసి దేవుని కొరకు వేరుగా ఉంచు అలవాటు అనేక సంఘములలో ఉన్నది. అది మంచి అలవాటు; దానిని విడువవద్దు. ఆ గుప్పెడు మన పరిగె. అయితే దేవుడు మన గుప్పిటనే గాక మన గట్టును, మన పత్రమును, మన పెట్టెను కూడ చూచుచున్నాడు. నెహెమ్యా సభయెదుట తన వస్త్రపు ఒడిని దులిపి చూపెను. పట్టుకొనరానిదానిని పట్టుకొన్నవాడు అట్లే దులిపివేయబడునని దాని భావము.

ఈ మాసమున ప్రతి కుటుంబమును ఒక రాత్రి ప్రార్థనవేళ నెహెమ్యా 5వ అధ్యాయమును చదువుకొనుడి. చదివిన తరువాత యజమానుడు, ఇల్లాలు ఇద్దరును నెమ్మదిగా ఆలోచించుకొనుడి: మన ఇంట నున్నవాటిలో సహోదరునిది, సహోదరిది ఏదైనను చిక్కియున్నదా? ఉన్నయెడల వేరొకరి ఆజ్ఞకొరకు కనిపెట్టక, అధికారి కాగితము రాకమునుపే, మీరే లేచి వెళ్లి తిరిగి ఇయ్యుడి. ఆ మాట విని మీ ఇంటి చిన్నబిడ్డలు కూడ ఆమేన్ అందురు గాక.

పరలోకమందున్న మా తండ్రీ, భూమియు దాని సంపూర్ణతయు నీవే. మేము దున్నునది నీ నేల, మేము తినునది నీ ధాన్యము. దూరపు మైదానములలో నీ బిడ్డలకు నేర్పిన పాఠమును మాకును నేర్పుము. మా గోడ లోపల మొరపెట్టువారి స్వరము మా కీర్తనలలో మునిగిపోకుండ మా చెవులను తెరువుము. పరిగెను సంతోషముగా ఇచ్చు చేతిని, పొలమును న్యాయముగా పంచు మనస్సును మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.